అమ్మకు ఏమిష్టమో అడిగిన మనిషి

పోయిన నెలలో ఒక పొద్దున కావలి నుంచి మా మేనకోడలు ఫోను చేసి, "అత్తా, అమ్మ పోయింది" అంది. అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. నిద్రలోనే వెళ్ళిపోయిందట. ముందురోజు మధ్యాహ్నం కూడా వంటింట్లో కుర్చీ వేయించుకుని, మనవడి భార్య చేత ఏదో కొత్త కూర చేయిస్తూ, "పసుపు ఇప్పుడే వద్దు, ఆగు" అని చెప్పిందట.

పోయినావిడ మా వదిన, మా అన్న భార్య. ఊరివాళ్ళ లెక్కలో ఆమె ఒక మామూలు ఇల్లాలు. కానీ పెళ్ళయిన కొత్తలో ఆమె మా ఇంట్లో చేసిన ఒక పని నేను కళ్ళారా చూశాను. దాన్ని చూసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి అది నేనే చెప్పాలి.

యాభైల చివరి మాట. మాది బిట్రగుంట రైల్వే కాలనీ. మా నాన్న బొగ్గు ఇంజను డ్రైవరు. బండిని ఒక్క నిమిషం ఆలస్యం కానివ్వడని షెడ్డులో ఆయనకు పేరు. ఇంట్లో మాత్రం ఆయన కంచం ముందు కూర్చున్నాడంటే మేమంతా ఆయన మొహమే చూస్తూ ఉండేవాళ్ళం. ఆయన అరిచే మనిషి కాదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నచ్చకపోతే "ఉప్పు చాల్లేదు" అనో, "పులుపు ఎక్కువైంది" అనో ఒక్క మాట అని, చెంబు అందుకుని కంచంలోనే చెయ్యి కడిగేసి లేచిపోయేవాడు. ఆ పూట ఇక ఇంట్లో ఎవరికీ తిండి లేదు. ఆయన తినకుండా అమ్మ తినదు. అమ్మ తినకుండా మేం ఎట్లా తింటాం?

అందుకని అమ్మ ఇరవై ఏళ్ళుగా ఒక నాలుగు రకాలే తిప్పి తిప్పి వండేది. పప్పుచారు, వంకాయ కారం, గోంగూర, ఆదివారం నాడు చేపల పులుసు. అవి ఎంత బాగుండేవో ఇప్పటికీ చెప్పలేను. కానీ చుక్క పులుసు అరచేతిలో వేసుకుని రుచి చూసేటప్పుడు అమ్మ వాకిలి వైపే చూస్తూ ఉండేది. అది నాకు గుర్తు.

ఆ ఇంట్లోకి మా వదిన వచ్చింది. ఆమెది వెంకటాచలం. వాళ్ళమ్మ రోడ్డు పక్కన చిన్న హోటలు నడిపేది. మద్రాసు నుంచీ మలయాళ దేశం నుంచీ వచ్చే లారీలు అక్కడ ఆగేవి. చిన్నప్పటి నుంచీ ఆ లారీలవాళ్ళను, "మీ ఇంట్లో దీన్ని ఎట్ట చేస్తారు?" అని అడిగి తెలుసుకోవడం ఆమెకు ఆట. మా కాలనీకి వచ్చాక కూడా కూరగాయలామెను, గాజులామెను, పక్క క్వార్టర్సులో ఫిట్టరు గారి భార్య బూబమ్మను, వెనక వరుసలో అరవ గార్డు గారి భార్యను, అందరినీ అదే అడిగేది. విన్నదాన్ని వండి చూసేదాకా ఆమె చేతులు ఊరుకునేవి కావు.

కాపురానికి వచ్చిన వారానికే సొరకాయలో పాలు పోసి కూర చేసింది. నాన్న ఒక ముద్ద తిన్నాడు. "ఇది పసిపిల్లకాయలకు పెట్టే కూడు" అని కంచంలో చెయ్యి కడిగేసి పోయాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. వదినకు మా ఇంటి వాడుక తెలియదు. కంచం పెట్టుకుని కూర్చుని, కూర కలుపుకుని తిని, "బాగానే ఉండాదే!" అంది.

"ఆయన తినకుండా మనం తినగూడదమ్మే" అంది అమ్మ, గొంతు తగ్గించి.

"మామ తినలేదని నా ఆకలి పోలా అత్తమ్మా. రండి, మీరూ కూచోండి."

అమ్మ కూర్చోలేదు. మర్నాటి నుంచి వదినను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు కూడా. కూరలు తరగడం, బియ్యం ఏరడం, అంతే ఆమె పని. ఐతే నాన్న డ్యూటీ మీద బెజవాడ వెళ్ళిన రోజుల్లో వదిన పెరట్లో కుంపటి రాజేసి, చిన్న గిన్నెలో ఏదో ఒకటి చేసేది. ఒక రోజు బాగా పండిన అరటిపండు ముక్కలు నేతిలో వేయించి బెల్లం పాకం పోసింది. మలయాళం లారీవాళ్ళు చెప్పిందట. నాకూ పెట్టింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. గిన్నె అడుగు వేలితో నాకి మరీ తిన్నాను.

సాయంత్రం నాన్న రాగానే, "నువ్వు లేనప్పుడు వదిన వేరే వండుకుంటా ఉండాది నాన్నా" అని చెప్పేశాను.

ఎందుకు చెప్పానని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నాన్నకు నేనంటే ముద్దు. ఆ ఇంట్లో ఆయనకు భయపడని మనిషి నేనొక్కదాన్నే అని నా గర్వం. నిన్న గాక మొన్న వచ్చిన ఆమె నాకంటే తక్కువ భయపడుతుంటే చూడలేకపోయాను. నాన్న అన్నను పిలిచి, "ఈ ఇంట్లో వంట ఈ ఇంటి వంటలాగా ఉండాల. ఇంకోసారైతే వాళ్ళమ్మ దగ్గిరికి పంపిచ్చేస్తా" అన్నాడు. అన్న తల వంచుకుని నిలబడ్డాడు. వదిన కుంపటిని తీసి దొడ్డిగోడ వెనక పెట్టేసింది.

ఆ ఏడు వానలకు అమ్మకు టైఫాయిడు వచ్చింది. నెల తిరిగేసరికి జ్వరం తగ్గింది కానీ అమ్మ తినడం మానేసింది. గంజి పెడితే పెదవి దాటనివ్వదు. పాలు చూస్తే మొహం తిప్పుకుంటుంది. డాక్టరు వచ్చి చూసి, "పథ్యం అయిపోయింది. ఆమెకు ఏదిష్టమో అది పెట్టండి. తినకపోతే మాత్రం నేను చేసేదేమీ లేదు" అని చెప్పి వెళ్ళాడు. నాన్న మంచం పక్కన నిలబడి, "ఏం కావాల నీకు?" అని అడిగాడు. ఆయన అమ్మను ఆ మాట అడగడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ, "ఏమొద్దు" అని గోడ వైపు తిరిగింది.

నాన్న వెళ్ళాక వదిన మంచం మీద కూర్చుంది.

"అత్తమ్మా, మీకేమిష్టం?"

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "మీ మామకి పప్పుచారంటే ఇష్టం" అంది.

"మామకి కాదు. మీకు."

మళ్ళీ ఆలోచించింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు తెలీదమ్మే" అంది.

వదిన లేచి వెళ్ళి దొడ్డిగోడ వెనక నుంచి కుంపటి తెచ్చి, దులిపి, బొగ్గులు వేసింది. ఆమె చేతులు గబగబా కదులుతున్నాయి గానీ మొహంలో రక్తం లేదు. నాన్న మాట ఆమెకు గుర్తులేక కాదు.

ఆ రోజు నుంచి పూటకొక రకం. ఉలవచారు మీద తేట, వెల్లుల్లి వేసిన చారు, రాగి జావలో మజ్జిగ, బూబమ్మ చెప్పినట్టు మిరియాలు వేసిన సొరకాయ పప్పు, క్యాబేజీ ఉడికించిన నీళ్ళు. అదీ ఇదీ అని లేదు. ప్రతిదీ ఒక్క గంటెడే చేసేది. ఒక్క చెంచా అమ్మ నోటి దగ్గర పెట్టేది. అమ్మ నాలుకకు తగిలించుకుని తల అడ్డంగా ఊపేది. "సరే, ఇది కాదు" అని వదిన లేచిపోయేది, పోయిన వస్తువు కోసం ఒక పెట్టె వెతికి అవతల పెట్టి ఇంకోటి తెరుస్తున్నట్టు. నాన్న వాకిట్లో కుర్చీలో కూర్చుని అన్నీ చూస్తూ ఉండేవాడు. ఏమీ అనేవాడు కాదు. అదే మాకు ఇంకా భయంగా ఉండేది. అమ్మ చేతి ఎముకలు బయటికి తేలాయి. గాజులు మోచేతి దాకా జారిపోయేవి.

పదో రోజో పదకొండో రోజో, బూబమ్మ పంపిన సేమ్యా పాయసం రెండు చెంచాలు తిని అమ్మ అంతా కక్కేసింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఆయన రాగానే మళ్ళీ నేనే చెప్పాను. ఈసారి గర్వంతో కాదు, అమ్మ పోతుందన్న భయంతో. నాన్న బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"నీ కొత్త కొత్త వంటలతో దాన్ని చంపేటట్టుండావు. రేపు పది గంటల పాసింజరుకి మీ అమ్మ దగ్గిరికి పో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వదిన రేకు పెట్టె వాకిట్లోకి వచ్చింది. అన్న దాని పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నాకు అన్న మొహం చూసే ధైర్యం లేకపోయింది. వదిన ఎక్కడా కనపడలేదు. చూస్తే పెరట్లో కుంపటి ముందు ఉంది. గార్డు గారి భార్య చెప్పినట్టు పచ్చికొబ్బరి, పచ్చిమిరపకాయ, జీలకర్ర మెత్తగా నూరి, పుల్లమజ్జిగలో కలిపి, బూడిద గుమ్మడికాయ ముక్కలు వేసి మజ్జిగపులుసు కాస్తోంది. పొంగకుండా కలుపుతూనే ఉంది. చిన్న గిన్నెలోకి తీసుకుని లోపలికి నడిచింది.

నాన్న అమ్మ గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"చెప్పినా గదా నీకు?"

"చెప్పినారు మామా. పెట్టె సర్దుకున్నా. బండికి ఇంకా గంట ఉండాది. ఈ గంట నాకు వదిలిపెట్టండి."

"మళ్ళీ కక్కితే?"

"కక్కితే నేనే కడిగిపెట్టి పోతా."

ఆయన ఆమెను చూశాడు. జేబులోంచి గడియారం తీసి చూశాడు. తరువాత పక్కకు తప్పుకున్నాడు. ఆ తప్పుకోవడం ఒక్క అడుగే. కానీ ఆ ఇంట్లో ఆయన అంతకుముందు ఎవరికీ దారివ్వలేదు.

వదిన అమ్మ తల కింద చెయ్యి పెట్టి లేపి ఒక చెంచా పోసింది. అమ్మ మింగలేదు. నోట్లోనే ఉంచుకుంది. అన్న లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. గోడకవతల బూబమ్మ కోళ్ళను అదిలిస్తున్న మాటలు వినిపిస్తున్నాయి. అమ్మ మింగింది. కళ్ళు మూసుకుంది. మేమంతా ఆమె గొంతు వైపే చూస్తున్నాం.

"ఉప్పు చాల్లేదు" అంది అమ్మ.

ఆ మాట ఆ ఇంట్లో ఒక్కరే అనేవారు. అమ్మ నోట అది వినడం అదే మొదటిసారి. వదిన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"వేసుకొస్తా అత్తమ్మా. ఇంకేం తక్కువైంది? చెప్పండి!"

"కొబ్బరి ఇంకొంచెం పడితే బాగుంటది. పులుపు సరిపోయింది." కాస్త ఆగి, "ఇది బాగుండాది. నాకు" అంది.

ఆ "నాకు" అన్న మాట ఆమె ఎంత మెల్లగా అందో! వదిన ఉప్పు తెచ్చి కలిపింది. అమ్మ చెంచా తరువాత చెంచా, నెమ్మదిగా గిన్నెలో సగం దాకా తాగేసరికి గంట గడిచింది. ఔటరు సిగ్నలు దగ్గర పాసింజరు కూత వేసింది. అన్న నాన్న వైపు చూశాడు. నాన్న టోపీ తీసుకుని వాకిట్లోకి నడిచి, పెట్టె దగ్గర ఆగి, ఎవరినీ చూడకుండా, "లోపల పెట్టు దీన్ని" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజుతో నాన్న మారిపోయాడని చెబితే అబద్ధం. కానీ కంచంలో చెయ్యి కడగడం మాత్రం మానేశాడు. నచ్చనిదాన్ని కంచం అంచుకు తోసి మిగిలింది తినేవాడు. కొన్నేళ్ళకు, రిటైరయ్యే ముందు ఎప్పుడో, డ్యూటీ నుంచి వచ్చి ఖాళీ క్యారియరు వదిన చేతికిస్తూ, "అడుగు గిన్నెలో దాంట్లో ఏమేసినావు?" అని అడిగాడు. పొగడ్తకు ఆయన దగ్గర ఉన్న మాట అదొక్కటే.

అమ్మ మరో ఎనిమిదేళ్ళు బతికింది. అత్తాకోడళ్ళు కలిసి కావలి సంతకు పోయి ఎవరూ కొనని కూరగాయలు కొనుక్కొచ్చేవాళ్ళు. మొదటిసారి బీట్‌రూట్ పప్పులో వేసి, గిన్నెంతా ఎర్రగా మారితే భయపడి మూత పెట్టేసి, బూబమ్మను పిలుచుకొచ్చారు. అమ్మకు చింతచిగురు ఇష్టమనీ, వేయించిన నెత్తళ్ళ చేపలు ఇష్టమనీ, వంకాయ అసలు ఇష్టం లేదనీ ఒక్కొక్కటిగా బయటపడింది. ఇరవై ఏళ్ళు వంకాయ కారం తిన్న మనిషి!

నా పెళ్ళి కుదిరాక, ఒక మధ్యాహ్నం వదినతో అప్పడాలు ఒత్తుతూ, నాన్నకు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. రెండుసార్లూ నేనేనన్నాను. ఆమె కర్ర ఆపలేదు.

"తెలుసులేమ్మే. మొదటిసారి నువ్వు మామ ముందర నిలబడి చెప్తా ఉంటే నీ గడ్డానికి బెల్లం అంటుకోనుండె" అంది. నాకు ఏడుపొచ్చింది. "ఏడుస్తావేంది? అది బాగుండిందా లేదా, ముందు అది చెప్పు."

"బాగుండింది" అన్నాను.

"మళ్ళ అడగవేం? చేసి పెడతా గదా" అంది. ఆ సాయంత్రం చేసింది కూడా.

పెళ్ళయ్యాక నా కాపురం బెజవాడలో, అత్తవారిది గూడూరు. ఎప్పుడు అత్తవారింటికి పోయినా ఇంజనుకు నీళ్ళు పట్టడానికి బండి బిట్రగుంటలో ఆగేది. నేను ముందే కార్డు రాస్తే వదిన ప్లాట్‌ఫారం మీద ఉండేది. కిటికీ ఊచల్లోంచి ఒక గిన్నె లోపలికి ఇచ్చి, "ఇది కొత్తది, ఇప్పుడే తిను" అనేది. ఏం వేశావంటే చెప్పదు. తిని చెప్పాలి. ఒకసారి నేను మూత తీసి మొదటి ముద్ద పెట్టుకునేలోపే బండి కదిలింది. వదిన ఊచ పట్టుకుని పక్కనే నడిచింది. నడక పరుగైంది. ప్లాట్‌ఫారం అయిపోయి ఏటవాలుగా దిగే చోట చెయ్యి వదిలేసి ఆగిపోయింది. ఇంజను పొగ మధ్యలో, కొంగు నడుముకు దోపుకుని, ఎట్లా ఉందని అడుగుతూ అరచెయ్యి వెల్లకిలా తిప్పి నిలబడింది. నేను కిటికీకి మొహం ఆనించి తల ఊపుతూనే ఉన్నాను. నోటి నిండా అన్నం.