మొదటి పురుడు

మంత్రసాని తన వయసెంతో ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. వీధిలో సగం మంది వయసులు గుర్తుపెట్టుకోవడంతోనే ఆవిడకి సరిపోయింది. ఆస్పత్రి వచ్చాక పురుళ్ళకి పిలిచేవాళ్ళు లేరు. ఇప్పుడు లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోంది. సోడా నీళ్ళకి వేళ్ళ సందులు పగిలిపోయాయి, వంగితే లేవడానికి గోడ పట్టుకోవాలి. అరవై అయిదు నిండాయని ఆఫీసులో ఒప్పుకుంటే పింఛను వస్తుంది, దుప్పట్ల పీడ వదులుతుంది. ఆవిడకి కావలసింది అంతే.

పుట్టిన కాగితం లేదు. తన పుట్టుక చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. అందుకని తాళాలాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. తాళాలు బాగుచేసే ఆ మనిషి ఆవిడ పోసిన మొదటి పురుడు. షాపు షట్టరు మీదపడి అతని కాలు పోయినప్పుడు, వికలాంగుల పింఛనుకి కాగితాలు కుదరక, ముసలివాళ్ళ పింఛను కోసం సాక్ష్యంగా వేలిముద్ర వేసింది కూడా ఆవిడే. ఉన్న వయసు చెబితే ఏం లాభమని పదో పన్నెండో కలిపి చెప్పింది. సరిగ్గా ఎంత కలిపిందో ఇప్పుడు ఆవిడకే గుర్తులేదు. ఆ సంగతి అతనికి తెలియదు పాపం. కాగితం చేతికొచ్చిన రోజు నుంచి ముసలివాడిలా దగ్గడం మొదలుపెట్టాడు.

అతను వరండాలో బల్లమీద కూర్చున్నాడు. లోపల గుమస్తా అమ్మాయి అతని పాత ఫైలు తీసి చదివింది. “అతను నా మొదటి పురుడు, అప్పటికి నాకు పదిహేనేళ్ళు అని నువ్వే చెప్పావు కదా అమ్మమ్మా. ఆయనకిప్పుడు అరవై ఎనిమిది. పదిహేను కలిపితే నీకు ఎనభై మూడు.”

మంత్రసానికి ఏనుగెక్కినంత సంబరమైంది. సంబరం ఊరుకోనిస్తుందా? కాగితాలెన్ని ఉంటే అంత గట్టి అనుకుని, ఎవరూ అడక్కుండానే చిన్నకొడుకు స్కూలు సర్టిఫికెట్టు తీసి బల్లమీద పెట్టింది.

“ఇతనికి ఇరవై నాలుగు,” అంది అమ్మాయి. “అంటే యాభై తొమ్మిదో ఏట కన్నావా?”

“కడగొట్టువాడమ్మా.”

“కడగొట్టువాడైతే మాత్రం? ఈ రెండిట్లో ఒకటి తప్పు. స్కూలు కాగితానికి ముద్ర ఉంది. తాళాలాయన వయసు ఎక్కువ చెప్పానని ఒప్పుకో, సరిచేసి నీ అర్జీ పంపిస్తాను. ఆయన పింఛను ఆగిపోతుంది, అంతే.”

అంతేనట! మంత్రసాని వేళ్ళు మడిచింది, తెరిచింది. అరవై ఎనిమిదిలో పన్నెండు తీసేసి పదిహేను కలపాలా, పదిహేను తీసేసి పన్నెండు కలపాలా? కాసేపటికి వాడు ముందు పుట్టాడా, తను ముందు పుట్టిందా అన్నది కూడా అనుమానంగానే తోచింది. ఒక్కటి మాత్రం తెలుస్తోంది. తను దుప్పట్లు వదలాలంటే కాలు లేనివాడి నోటికాడి కూడు తియ్యాలి. ఆవిడకి భయమేసింది.

“ఆ పురుడు నేను పొయ్యలేదమ్మా,” అంది చివరికి. “మా అమ్మ పోసింది. వాడి వయసు ఆవిడ చెప్పిందే, అది నిజం. నా పేరు గొప్పకి కలుపుకున్నాను. వాడు పుట్టేనాటికి నేనింకా పుట్టనేలేదు.”

అమ్మాయి కలం ఆపి ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత కొడుకు వయసుని బట్టి అంచనా వేసి అరవై రెండు అని రాసింది. “మూడేళ్ళు పోయాక రా అమ్మమ్మా.”

బయట తాళాలాయన కర్ర ఊతంగా లేచాడు. “ఎంత రాశారు పెద్దమ్మా?”

“నీకంటే ఆరేళ్ళు చిన్నదాన్నంటరా.”

అతను నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. “అదెలా కుదురుతుంది? నా కాళ్ళు ముందొచ్చాయని, రెండు చేతులా పట్టి లాగానని ఎన్నిసార్లు చెప్పావు?”

“మా అమ్మ లాగింది,” అంది మంత్రసాని. “ఎవరడిగినా నువ్వూ అదే చెప్పు.”