గెన్జో గారి సుద్దముక్క

హిరాట గెన్జో గారు ఎవరింటికి వెళ్లినా ముందు వాకిట్లో బండి టైర్లను పలకరిస్తారు. మనుషుల వంతు ఆ తర్వాతే. నాలుగు టైర్ల చుట్టూ తిరిగి, వైద్యుడు నాడి చూసినట్టు ఒక్కోదాని మీద రెండు వేళ్లు ఆనించి, "ఊఁ" అనుకుని, అప్పుడు తలెత్తి "బాగున్నారా?" అంటారు. కిందటి వేసవిలో సవాకో భర్త తడాషి పోయినప్పుడు ధూపం వెయ్యడానికి వచ్చిన ఈ పెద్దమనిషి, వాకిట్లో మంత్రాలు చదివే గుడి గురువుగారి బండి దగ్గర ఆగిపోయి, ముందు ఎడమ దాంట్లో గాలి తగ్గిందని మంత్రాల మధ్యలో లోపలికి కబురు పంపారు. అంత ఏడుపులోనూ సవాకోకు నవ్వొచ్చింది.

మనిషెత్తు మంచు పడే లోయ అది. అక్కడ గెన్జో గారి మాటకు విలువుంది, వినే ఓపికే కాస్త తక్కువ.

"నలభై మూడు చలికాలాలు నడిపాను. ఒక్కసారి జారలేదు. జారి కాలవలో పడ్డవాళ్లను పదిహేడుమందిని లాగాను. పదిహేడోవాడు మన ఊరి పెద్ద."

మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మళ్లీ మొదటి చలికాలం నుంచి ఎత్తుకుంటారు. భార్య కియోనో గారికి మాత్రం ఆ భయం లేదు.

"జారకపోవడమేమిటండీ, మొన్న స్నానాల గదిలో జారారుగా."

"అక్కడ టైర్లు లేవు," అంటారాయన.

ఎస్‌యూవీలు కొన్నవాళ్లంటే ఆయనకు జాలి. నాలుగు చక్రాలూ లాగుతాయని మురిసిపోతారు, లాగడం సరే, కొండ దిగేటప్పుడు ఆపేది రబ్బరు కదా అంటారు. అలాగని ఆయన నడిపేదీ ఎస్‌యూవీయే. ఆయనా తడాషీ ఒకే ఏడు ఒకే రకం బండి కొని, ఎవరి టైర్లు మేలన్న దాని మీద ఆరేళ్లు పోట్లాడుకున్నారు.

మంచు మీద పట్టు కోసం వేసుకునే మెత్తరబ్బరు చలికాలపు టైర్లను ఏప్రిల్లో విప్పి, ఏది ఏ మూలదో సుద్దముక్కతో రాసి సామాన్ల కొట్లో పెట్టుకోవడం లోయలో అందరూ చేసే పనే. గెన్జో గారు అక్కడితో ఆగరు. అరుగుదల చూసి, నడిపినవాళ్ల గుణం కూడా కింద రాసేస్తారు. పోస్టుమాన్ టైరు మీద "ఎటో తేల్చుకోకముందే తిరుగుతాడు." గురువుగారి టైరు మీద "మనసు మోక్షం మీద, కాలు బ్రేకు మీద." మెచ్చుకుంటూ రాసినది ఇంతవరకు ఒక్కటీ లేదు. ఆయన్ను తన టైర్ల దగ్గరికి రానివ్వనివాడు తడాషి ఒక్కడే. విప్పేదీ తనే, రాసేదీ తనే.

గస్సాన్ కొండ మూడుసార్లు తెల్లబడితే ఆ తర్వాత మంచు లోయలోకి దిగుతుంది. ఈసారి రెండోసారి తెల్లబడేసరికి ఊళ్లో ఇంచుమించు అందరి టైర్లూ మారాయి, సవాకోవి మారలేదు. ఆవిడ రోజూ కనుమ దాటి అవతలి బడి వంటగదిలో పనికి వెళ్లాలి. గెన్జో గారు వచ్చి వేసవి టైర్ల నాడి చూసి మొహం చిట్లించినప్పుడల్లా "రేపు మారుస్తాను బాబాయ్," అనేది. సాయంత్రం కొట్టు తలుపు తీసి, తడాషి రాత చూసి, మళ్లీ మూసేసేది. తడి రోడ్డు మీద ఒక్క మైలు నడిస్తే ఆ అక్షరాలు ఉండవు.

కొండ మూడోసారి తెల్లబడిన పొద్దున ఆయన జాకీ తీసుకుని వచ్చేశారు.

"ఇక రేపు లేదమ్మాయ్. కొట్టు తాళం ఇలా ఇయ్యి."

సవాకో ఇచ్చింది. కొట్లో నాలుగు టైర్లూ గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. మొదటిదాని మీద "ముందు కుడి" అని ఉంది. దాని పక్కనుంచి చుట్టూరా, ఇంకో అక్షరం పట్టకుండా, "గెన్జో బాబాయ్, ఇక్కడ చోటు లేదు, ఇంటికెళ్లి టీ తాగండి" అని ఉంది. రెండోదాని మీద "ఇక్కడా లేదు." మూడోదాని మీద "వెతక్కండి." గెన్జో గారు వంగి నాలుగోది కూడా చదివారు. "చెప్పానా."

ఆయన చాలాసేపు వంగే ఉన్నారు. రెండు వేళ్లు టైరు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చేశాయి.

"ఈ టైర్లు పనికిరావు," అన్నారు.

"నిరుడు కొన్నవే బాబాయ్."

"రబ్బరు గట్టిపడింది."

"మీరు ముట్టుకోనైనా లేదు."

"నలభై మూడు చలికాలాలు చూసిన కన్ను. ముట్టుకోనక్కర్లేదు."

మధ్యాహ్నానికల్లా తన టైర్లు తెచ్చారు. కొత్త రబ్బరు వాసన చూడండని ఊరందరినీ పిలిచి, పాతవి అరిగాయని పారేసి, మంచు దిగే రోజు బిగిద్దామని రెండు నెలలుగా గుమ్మంలో చెప్పుల పక్కన నిలబెట్టుకున్న కొత్త టైర్లవి. ఇదేమిటని సవాకో అడిగితే, తన బండికి సరిపోలేదన్నారు. రెండు బళ్లూ కవలలని లోయలో కోళ్లకు కూడా తెలుసు. వెనకాలే వచ్చిన కియోనో గారు, "ఇల్లంతా కంపు కొడుతోంది, ఉంచుకుని పుణ్యం కట్టుకోవే తల్లీ," అన్నారు.

రెండోనాడే మంచు దిగింది. కనుమ దిగువ మలుపులో ఒక లారీ అడ్డంగా నిలబడిపోయి ఉంది. సవాకో గుండె ఆగింది గాని, దానికన్నా ముందు బండి ఆగింది, నాలుగు బారల దూరంలో, నిమ్మళంగా.

ఆ చలికాలమంతా గెన్జో గారి బండి షెడ్డు దాటలేదు. మోకాళ్లకు నడక మంచిదన్నారు. పట్నానికి బస్సులో వెళ్లేవారు. ఎక్కేముందు ఆరు టైర్లనూ పలకరించేవారు గనక, ఆ బస్సు మార్చి దాకా నాలుగు నిమిషాలు ఆలస్యంగా నడిచింది.

ఏప్రిల్లో ఆయనే వచ్చి టైర్లు విప్పి, సుద్దతో రాసి, కొట్లో తడాషి టైర్ల పక్కన పెట్టారు. ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన పోస్టుమాన్ లోపలికి తొంగి చూసి, తడాషి టైర్లలో ఇంకా మూడు చలికాలాల బలముందన్నాడు.

"నీకేం తెలుసు, పనికిరావు," అన్నారు గెన్జో గారు. "వచ్చే ఏడాదీ పనికిరావు."

ఆయన చేతులు కడుక్కునే లోపు సవాకో వెళ్లి చూసింది. కొత్త టైరు మీద "ముందు కుడి" అని, కింద "ఆపడం తెలిసిన మనిషి" అని ఉంది. మిగతా మూడింటి మీదా బోలెడంత చోటుంది. సవాకో సుద్దముక్క అందుకుంది.

ఆయన తిరిగి వచ్చి, అలవాటు కొద్దీ రెండో టైరు మీద రెండు వేళ్లు ఆనించబోయి, చదివారు.

"వీటి యజమాని నలభై మూడు చలికాలాలు జారలేదు. నలభై నాలుగో చలికాలం నోరు జారి ఒక అబద్ధం ఆడాడు. అదీ సరిగ్గా ఆడలేదు."

గెన్జో గారు "ఊఁ" అన్నారు.

"చేతిరాత బాగాలేదు," అని, టీ తాగడానికి ఇంటికి వెళ్లిపోయారు.