కత్తిరించిన కింది అంచు

మొన్న తుర్కయాంజాల్‌లో గుండె పరీక్షా, రక్త పరీక్షా చేయించుకుని ఇబ్రహీంపట్నం తిరిగొచ్చాను. తుర్కయాంజాల్‌లోనే ఉండే మా పెద్దమ్మాయి మర్నాడు రిపోర్టు తీసుకుని ఫోటో పంపింది. అందులో కింది సగం లేదు! గుండె బాగానే ముడుచుకుంటోందన్న పై ముక్కొక్కటే ఉంది. మా ఆవిడ "ఇంకేం, ఫికర్ బందువెట్టి బువ్వ తిను" అంటూ కంచం పెట్టేసింది కానీ, నాకు ఒళ్లు మండిపోయింది.

మన ఈడువాళ్లలో కాలేజీ ప్రయోగశాల చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పొగమసి పట్టించిన కాగితాన్ని డ్రమ్ముకు చుట్టి, కప్ప గుండెకు దారం కట్టి, ఆ దారం లాగే పుల్లతో గీతలు గీయించేవాళ్లం. గుండె ముడుచుకుంటే గీత పైకి లేచేది, వదులైతే కిందికి దిగేది. నేనక్కడ కొత్తగా చేరిన అటెండరును. అక్కడ పరిశోధన చేసే మా మేడమ్, గుండె తనంతట తాను తయారుచేసుకునే ఒక పెప్టైడ్ హార్మోన్‌ను చుక్కలుగా వేసి, ముడుచుకునే బలం, వదులయ్యే తీరు ఎలా మారుతున్నాయో రెండు నెలలు ఓపిగ్గా చూశారు. ఆ కాగితాలు ఫైలులో పట్టడం లేదని, పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందన్నట్టు, నేను బ్లేడు పెట్టి అన్నిటి కింది అంచూ నీటుగా కోసి పారేశాను. గుండె చేసే పనంతా పైనే ఉందనుకున్నాను.

"కింది కొసలేవయ్యా? గుండె వదులు కాకపోతే రక్తం ఎక్కడ నిండుతుంది?" అని మేడమ్ తల పట్టుకున్నారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆవిడ మాత్రం మొత్తం పని మళ్లీ మొదలుపెట్టి, నన్ను డ్రమ్ము పక్కనే నిలబెట్టి, కింది గీత మీద వేలు పెట్టి చూపించేవారు. హార్మోన్ పడ్డాక ఆ గీత ఇంకొంచెం కిందికి దిగడం నా కళ్లతో చూశాను.

అందుకే అమ్మాయికి ఫోన్ చేసి కింది ముక్క పంపమని గట్టిగానే అడిగాను.

"నువ్వు పరేషానైతవనే కోసిన బాపు," అంది.

కాసేపటికి మిగతా ముక్క వచ్చింది. గుండె సరిగా వదులు కావడం లేదట, ఆ భారానికి రక్తంలో అలాంటి హార్మోనే పెరిగిందట. నేను తెలియక కోశాను, ఇది తెలిసి కోసింది. తిడదామనుకున్నవాణ్ణి తిట్టలేకపోయాను.

ఇప్పుడు మసి లేదు, దారం లేదు, అన్నీ ఫోనులో అంకెలే. నా గుండె గీత ఎంతవరకు దిగుతోందో వేలు పెట్టి చూపించమందామంటే, మేడమ్ కూడా లేరు.