తలకిందుల నెమళ్లు

దయ్యాలు, గాలి, చేతబడి అనే మాటలు వింటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. సూర్యాపేటలో నేను కుట్టుమిషను తొక్కే రోజుల్లో మంత్రగాళ్లు తాయెత్తుల కోసం చిన్న చిన్న గుడ్డసంచులు నా దగ్గరే కుట్టించుకునేవారు. వాటిలో ఏం పెడతారో నా కళ్లతో చూశాను. చిటికెడు బూడిద, పసుపుకొమ్ము ముక్క, ఒక్కోసారి నా దుకాణంలో రాలిన దారప్పోగులే. దాన్ని మెడలో కట్టుకుని నిశ్చింతగా నిద్రపోయేవాళ్లను చూసి నవ్వుకునేవాణ్ణి. ఈ ముసలితనంలోనూ నవ్వుతాను. కాబట్టి ఇది చదివి నన్ను వాళ్లలో కలిపేయకండి.

ఇది మా అక్క సత్తెమ్మ సంగతి. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు తొలి కాన్పుకు పుట్టింటికి, అంటే సూర్యాపేటలో మా ఇంటికి వచ్చింది. అత్తగారిది మఠంపల్లి దిక్కు, కృష్ణ ఒడ్డున ఒక పల్లె. అక్క నవ్విందంటే వీధి చివర ఉన్నవాళ్లు కూడా ఎందుకని అడిగేవారు. అలాంటి మనిషి ఆడపిల్లను కన్న వారం లోపలే గోడకు ముఖం తిప్పి కూర్చుంది.

పిల్ల ఏడిస్తే చూడదు. పాలివ్వదు. అమ్మ అన్నం ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకునేది. నిద్ర లేదు. ఒకసారి మా అమ్మ రెప్పపాటు ఆలస్యం చేసి ఉంటే అక్క బావిలో ఉండేది. పిల్లను ఒళ్లో పెడితే మాత్రం మాట వచ్చేది. "ఈ పిల్ల ఎవరిది? తీస్కపోండ్రి" అనేది. ఆ మాటకు మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

కాన్పు నీరసం, పోతుంది అనుకున్నాం. పోలేదు. బావ వాళ్ల అన్న వచ్చి చూశాడు. ఆ ఇంట్లో ఆయన మాటే మాట. ఏటికి అవతల ఒక చోటు ఉందట, పిచ్చిపట్టినవాళ్లను గాలి దిగేదాకా రాతి స్తంభాలకు గొలుసులతో కట్టి ఉంచుతారట. "జొన్నకోతల దాకా సూస్తం. మంచిగైతే సరే, లేకుంటే గాడికి తీస్కపోతం" అని చెప్పి వెళ్లాడు. వెంట వచ్చిన బావ తల వంచుకుని ఆయన వెనకే నడిచాడు. నేను బతికుండగా మా అక్క కాలికి గొలుసు పడనివ్వనని వీధిలో నిలబడి అరిచాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, గొంతు బాగా ఉండేది.

ఇక జొన్నకోతల లోపల డాక్టరు దొరకాలి. పన్ను పీకేవాడు ఎక్కడుంటాడో అందరికీ తెలుసు. విరిగిన ఎముక కట్టేవాడు తెలుసు. మనిషి మనసు చెడితే ఎవరి దగ్గరికి పోవాలో అడగడానికి నా నోట్లో మాట కూడా లేదు. పిచ్చి అంటే మంత్రగాడి ఇల్లు చూపేవారు, నీరసం అంటే బలానికి మందు చెప్పేవారు.

మొదట పేటలోనే సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. బయలుదేరుతుంటే అక్క గోడవైపే చూస్తూ, "ఎర్రమందు ఇస్తడు" అంది. ఇచ్చాడు. అందులో వింతేమీ లేదు, అక్కడ కడుపునొప్పికీ కాలిపుండుకీ అదే మందు. నన్ను మండించింది ఆ తర్వాతి మాట. అంత చదివిన డాక్టరు, నాలుక చాపించి చూసి, "ఇది మా దిక్కు రోగం కాదు, ఎవలన్న మంత్రించేటోళ్లకు సూపెట్టుండ్రి" అన్నాడు.

అమ్మ పోరు పడలేక అక్కను తీసుకుని నా దగ్గర సంచులు కుట్టించుకునే మంత్రగాడి దగ్గరికే పోయాను. నాకెంత అవమానంగా ఉందో చెప్పలేను. ఆయన అక్క ముఖంలోకి చాలాసేపు చూసి నన్ను పక్కకు పిలిచాడు. "నీకు అబద్ధం చెప్ప బుద్ధి కాదు తమ్మీ. ఇది నా తాన తెగది. జల్ది దవాఖానకు తీస్కపో" అన్నాడు. డాక్టరేమో మంత్రగాడి దగ్గరికి పొమ్మంటాడు, మంత్రగాడేమో డాక్టరు దగ్గరికి పొమ్మంటాడు. నడివీధిలో జుట్టు పీక్కోవాలనిపించింది.

కోదాడలో ఒక కాంపౌండరు ఉన్నాడని, బెజవాడ వైపు పెద్ద ఆసుపత్రిలో పనిచేసి వచ్చాడని, నరాలకు మందిస్తాడని ఎవరో చెప్పారు. బస్సెక్కాం. అప్పట్లో దారిపొడుగునా మిలిటరీ క్యాంపులు. ఆపిన ప్రతిచోటా అందరినీ దింపి మూటలు విప్పించేవారు. అక్క దిగమంటే దిగింది, ఎక్కమంటే ఎక్కింది. కోదాడ దగ్గర పడుతుండగా, "ఆయనకు ఎడమ చెవు వినపడది. కుడి దిక్కు పోయి చెప్పు" అంది. నేను పట్టించుకోలేదు.

కాంపౌండరు ముందు కూర్చుని అంతా విడమరచి చెప్పాను. ఆయన అరచెయ్యి కుడిచెవికి ఆనించి, "ఇటు వచ్చి చెప్పవయ్యా, ఆ చెవి పనిచెయ్యదు నాకు" అన్నాడు. అక్క వైపు తిరిగి చూశాను. కానీ నేను లెక్కగా ఆలోచించేవాణ్ణి. అక్క అత్తగారి ఊరికి కోదాడ దగ్గరే, ఎవరి నోటో విని ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

ఆయన మంచివాడు. "ఇది నరాల జబ్బు కాదయ్యా, మనసుకు పట్టిన జబ్బు. నా వల్ల కాదు. మద్రాసులో చదివిన డాక్టరుగారు ఒకాయన మిర్యాలగూడెంలో ఉన్నారంట, వెంటనే తీసుకెళ్లు" అన్నాడు. మనసు అనే మాట అన్న మొదటి మనిషి ఆయనే. కాళ్లు మొక్కినంత పని చేశాను.

మిర్యాలగూడకు వడ్ల బండి దొరికింది. బస్తాల మీద అక్కను కూర్చోబెట్టి, ఈసారి అసలు డాక్టరే దొరికాడు అక్కా, మంచిగయిపోతావు అని దారిపొడుగునా చెబుతూనే ఉన్నాను. ఆమె ఎడ్ల కొమ్ముల వైపు చూస్తూ, "తాళమేసి ఉంటది" అంది. విసుగొచ్చి, ఇక మాట్లాడకు అని కసిరాను.

తాళం వేసే ఉంది. తుప్పు పట్టిన తాళం. పక్కింటి ముందు మిరపకాయలు ఎండబోస్తున్న ఆవిడ మిలిటరీ రాకముందే ఆయన వెళ్లిపోయాడని చెప్పింది. మనసు డాక్టరే కదమ్మా అని అడిగాను. "మనసు డాక్టరెక్కడయ్యా, ఆయన పండ్లు పీకెటాయన గదా" అంది.

ఆ గడప మీద కూలబడి ఏడ్చాను. దుఃఖం కాదు, కోపం. ఎవరి మీదో తెలియని కోపం. కొట్టడానికి కూడా ఎవరూ లేరు. ఇంతలో అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. కాన్పుకు ముందు మాట్లాడినట్టే, నిమ్మళంగా మాట్లాడింది. ఆ మాటలు ఒక్కటీ మరవలేదు.

"పరేషాన్ కాకు తమ్ముడా. నన్ను సూసేటామె ఇంకా రాలే. మన పేటలనే ఉంటది. తలుపుకు నెమళ్ల పరదా ఉంటది. నెమళ్లు తలకిందులుంటయి, ఎవడో తిప్పి కుట్టిండు. అది సూసి నీకు కోపమొస్తది, లొల్లి పెడ్తవు." నా భుజం మీద చెయ్యి వేసి, "గాడికి నేను రాను. నా బిడ్డ బిడ్డ వస్తది" అంది.

అందులో నాకు వినపడింది ఒక్కటే: నా బిడ్డ. ఆ పిల్లను అక్క అలా అనడం అదే మొదలు, అదే ఆఖరు. ఇంటికి చేరగానే అక్కకు నయమవుతోంది, బిడ్డ అంటోంది అని అమ్మకు చెప్పాను. అమ్మ పిల్లను తెచ్చి ఒళ్లో పెట్టింది. అక్క గోడ వైపు తిరిగి, ఈ పిల్ల ఎవరిది అంది.

నమ్మలేదు కానీ వెతికాను. తాయెత్తులను చూసి నవ్వే నేను పేటలో తలుపు తలుపుకూ ఉన్న పరదాలు చూసుకుంటూ తిరిగాను. నెమళ్లు లేవు. మంత్రసానులు తప్ప వైద్యం చేసే ఆడమనిషే లేదు. పట్నం తీసుకుపోదామంటే అక్కడ ఇలాంటివాళ్లను ఖైదీల్లా ఉంచుతారని చెప్పుకునేవారు. జొన్నకోతలు అయిపోయాయి. బావ వాళ్ల అన్న బండి కట్టుకుని వచ్చాడు. అడ్డం పడ్డాను. నలుగురు పట్టుకుని పక్కకు లాగారు. పెళ్లాం మీద మొగుడి ఇంటివాళ్లకే హక్కని కుల పెద్దలు తీర్పు చెప్పారు. అక్క వానలు పడకముందే ఆ గొలుసులోనే పోయింది. అంతకంటే రాయలేను.

పిల్ల అండాలును మా అమ్మ పెంచింది, ఆ తర్వాత నేను పెళ్లి చేశాను. ఆమెకు సుజాత పుట్టింది. సుజాతకు పెళ్లయి, తొలి కాన్పు అయింది. వారం తిరగకముందే అండాలు పరుగున మా ఇంటికి వచ్చింది. సుజాత గోడకు తిరిగి కూర్చుందట, పిల్లను చూసి ఎవరిదని అడుగుతోందట. చేతిలో కత్తెర పక్కన పెట్టి చెప్పులు తొడుక్కున్నాను.

ఈసారి మాత్రం పేటలోనే బస్టాండు దగ్గర మానసిక వైద్యానికి కొత్తగా దవాఖాన తెరిచారని బోర్డు చూసి ఉన్నాను. అండాలూ నేనూ సుజాతను చెరో చెయ్యి పట్టుకుని తీసుకుపోయాం. బెంచీ మీద కూర్చున్నాం. దర్జీవాణ్ణి కదా, ఎక్కడికి పోయినా నా కళ్లు ముందు గుడ్డ మీదికే పోతాయి. డాక్టరు గది తలుపుకు పరదా. మంచి గుడ్డ, మందంగా ఉంది. దాని మీద నీలం నెమళ్లు కాళ్లు పైకి, తలలు కిందికి వేలాడుతున్నాయి. అచ్చు చూసుకోకుండా ఎవడో పైఅంచు కిందికి వేసి కుట్టాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. చీటీలు రాసే అమ్మాయిని పిలిచి, "ఎవడమ్మా ఇది కుట్టింది? వానికి కండ్లున్నయా లేవా? గింత ఖరీదు గుడ్డ ఖరాబు జేసిండు!" అని అరిచాను. "నిన్ననే పెట్టినం తాతా, ఎందుకు లొల్లి పెడ్తవు?" అందా అమ్మాయి. బెంచీ మీదివాళ్లు నవ్వారు. మిర్యాలగూడ గడప, తుప్పు తాళం, అక్క గొంతు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

పరదా పక్కకు జరిపి మమ్మల్ని లోపలికి పిలిచింది ఒక ఆడ డాక్టరు. సుజాత చెయ్యి పట్టుకుని, "నిద్ర పడుతుందా అమ్మా?" అని అడిగింది. అక్కను తీసుకుని అన్ని గడపలు తొక్కాను, ఒక్కరూ ఆమెను ఆ మాట అడగలేదు. కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బే ఇది, తగ్గుతుంది అని చెప్పింది. నెలల మీద తగ్గింది. సుజాత తన పిల్లను తానే ఎత్తుకుంది. ఆమె ఇచ్చిన మందుగోళీ నా గోరంత లేదు. అందరూ సంతోషపడుతుంటే నాకు మాత్రం కడుపు మండిపోయింది. ఆ గోరంత మందు, ఆ ఒక్క మనిషి అప్పుడుంటే మా అక్క బతికేది.

ఎర్రమందు ఎవరైనా చెప్పగలరు. చెవి సంగతి ఎక్కడో విని ఉండొచ్చు. తాళం గురించి ఊరికే అని ఉండొచ్చు. ఆ పరదా మాటకొస్తే, అక్క గడప మీద కూర్చున్న నాటికి ఆ గుడ్డ నెయ్యలేదు, ఆ డాక్టరు పుట్టలేదు, దాన్ని పాడుచేసిన దర్జీ కూడా పుట్టి ఉండడు. ఏ వైపు నుంచి ఆలోచించినా నాకు దారి దొరకలేదు. పరదా విప్పి సరిగ్గా కుట్టి ఇస్తానని డాక్టరమ్మను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. కుట్టు విప్పబోతే చెయ్యి రాలేదు. కొత్తది కుట్టిచ్చి అది నా దగ్గరే ఉంచుకున్నాను.

ఈ సంగతి అండాలుకు ఒక్కదానికే చెప్పాను. పరదా గురించి, నెమళ్ల గురించి ఆమె ఏమీ అడగలేదు. తల్లి ముఖం ఎరగని మనిషి, నా ఎదురుగా కూర్చుని ఒక్కటే అడిగింది.

"మామా, మా అమ్మ నన్ను నా బిడ్డ అన్నదా?"

అన్నది బిడ్డా, నా చెవులతో విన్నాను అని చెప్పాను.