నేను సన్నబడ్డ చలికాలం

కొత్త అల్లుడికి నోరుంటుంది గానీ మాట చెల్లదు. పెళ్లయిన మొదటి దసరాకు వికారాబాదులో అత్తగారింటికి పోయినప్పుడు ఈ సంగతి తెలిసింది. నేను చాలంటే, వాళ్లకు ఇంకో రెండు పూర్ణం పోలెలు అని వినబడేది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచే నెయ్యి పోశారు. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, మలీద ముద్దలు. దసరా నాడు మటను, గారెలు. మర్నాడు మిగిలిన మటనుకు మళ్లీ వేడి గారెలు. బలవంతం చేశారని ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ, అబద్ధమెందుకు, నాలుగో పోలె నేనే అడిగి వేయించుకున్నాను.

తాండూరుకు తిరిగొస్తే మా అమ్మ ఊరుకుంటుందా? వియ్యపురాలింట్లో ఎన్ని తిన్నానో నా భార్యను అడిగి తెలుసుకుని, అంతకు ఒకటి ఎక్కువే పెట్టింది. దీపావళికి మళ్లీ వికారాబాదు, మళ్లీ తాండూరు. ఇద్దరు తల్లుల పంతం నడుమ నా పొట్ట ఊరేగింది.

ఊళ్లోని ధాన్యం బజారు, గంజిలో ఒక కందుల దుకాణంలో చిట్టీలు రాసే ఉద్యోగం నాది. పొద్దంతా కూర్చునే పని. దీపావళి వెళ్లిన వారం బస్తాల వరస మీదికి ఎక్కబోయి నాలుగో బస్తా దగ్గరే ఆగిపోయాను. ఊపిరి అందలేదు, కళ్లు బైర్లు కమ్మాయి. బస్తాలు తూచే దడువాయి నన్ను చేయిపట్టి దింపి, నవ్వుకుంటూ కాంటా ఎక్కించాడు. కిలోలు అప్పుడప్పుడే కొత్తగా వచ్చాయి. పెళ్లికి ముందు సరదాకు ఎక్కితే డెబ్బై రెండు తూగిన మనిషిని, ఇప్పుడు డెబ్బై తొమ్మిది తూగాను. బస్తాకు ఇంకా ఇరవై ఒకటే తక్కువ, సంక్రాంతికి నిండుతుందిలే అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం భయమేసింది.

ఊళ్లోని డాక్టరు గారు పెద్ద వయసాయన. ఛాతీకి గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. గుండె మీద బరువు పడుతున్నది, ఈ వయసులోనే అదుపు చేసుకోకపోతే నలభై దాటాక ఏడ్చినా లాభం లేదన్నారు. నేను అప్పటికే వారం రోజులు పస్తుంటానని మనసులో లెక్క వేసుకున్నాను. ఆయన కనిపెట్టారు.

"పస్తులుండుడు బందువెట్టు. పండుగకు మెల్లగనే ఎక్కింది గద, మెల్లగనే దిగనియ్యి. జల్ది చేస్తే మళ్ల రెండింతలు ఎక్కుతది."

ఆయన చెప్పినవి ఇప్పటికీ గుర్తే. నాలుగు జొన్నరొట్టెలు తినేచోట రెండున్నర. ముందు కూర, పప్పు నిండుగా తిని తరవాత రొట్టె జోలికి పోవాలి. నూనెలో వేగినవి మానాలి. తీపి మీద పాణం గుంజితే చిన్న ముక్క తినాలి గానీ పగబట్టినట్టు మానకూడదు. సాయంత్రం పక్క ఊరు యాలాలకు పోయే బాట పట్టి ఒక గంట నడవాలి. కాంటా వారానికి ఒక్కసారే ఎక్కాలి, అర కిలో తగ్గితే చాలు.

నా భార్య దీన్ని వ్రతంలాగా పట్టుకుంది. పళ్లెంలో కూర కుప్పగా పోసి, రొట్టె సగానికి తుంచి పక్కన పెట్టేది. మొదటి పది రోజులూ ఆకలికి ఇంట్లో అందరి మీదా కసురుకున్నాను. తరవాత పొట్టే సర్దుకుంది. పుష్యమాసం వచ్చేసరికి డెబ్బై ఆరు. బస్తాల వరస ఎక్కి దిగినా ఆయాసం లేదు. దడువాయి కూడా ఎగతాళి మానేశాడు. నాకు గర్వంగా ఉండేది, ఎందుకు దాచాలి!

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, నాకు పదకొండేళ్లప్పుడు, వికారాబాదు పక్కన గుట్ట మీది క్షయ దవాఖానలో ఆయన పోయారు. అంతకు ముందు ఏడాదంతా ఇంట్లోనే మా కళ్ల ముందే చిక్కిపోయారు. మొదట దవడలు లోపలికి పోయాయి, తరవాత చొక్కా వదులైంది, చివరికి వేలి ఉంగరం జారి గొడ్ల కొట్టంలో పడిపోయింది. మా దిక్కు ఎవరైనా కాస్త సన్నబడితే చాలు, గుట్టకు చూపించుకున్నావా అని అడుగుతారు. నాయన పోయినప్పటి నుంచి మా అమ్మ వికారాబాదు స్టేషనులో కాలు పెట్టలేదు. రైలు అక్కడ ఆగితే అటువైపు కిటికీ మూసేసేది. నా పెళ్లి కూడా తాండూరులోనే జరగాలని పట్టుబట్టి గెలిచింది.

ఇదంతా తెలిసీ నాకు తట్టలేదు. చదువుకున్న మొద్దును!

చొక్కాలు వదులయ్యాయి. గంజిలో ఒకరు, నల్లా దగ్గర నీళ్లు పట్టేవాళ్లలో ఇంకొకరు, మీ కొడుక్కు పాణం మంచిగున్నదా అని అమ్మను అడిగారు. అమ్మ శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టింది, ఆ రోజు ఒక్కపూటే తినేది. కొన్నాళ్లకు సోమవారం కూడా. ఆ తరవాత దర్గాకు మొక్కుకుని బేస్తవారం కూడా. భక్తి ముదిరిందనుకున్నాను. చివరికి నా భార్య నన్ను పెరట్లోకి పిలిచి, "మీరు ఒక కిలో తగ్గినప్పుడల్ల అత్తమ్మ ఒక పూట తగ్గిస్తున్నది. మీకు మళ్ల ఒళ్లు రావాలనట ఆ ఒక్కపొద్దులు" అంది.

అప్పుడు చూశాను అమ్మను సరిగ్గా. వెండి కడియాలు మోచేతి దాకా జారుతున్నాయి. నేను డాక్టరు చెప్పినట్టు పద్ధతిగా తగ్గుతుంటే, ఆమె ఏ డాక్టరూ లేకుండా నాకన్నా ఎక్కువ తగ్గింది.

బతిమాలాను. డాక్టరే తగ్గమన్నాడమ్మా, నాకు రోగం లేదమ్మా అన్నాను. మీ నాయన కూడా ఇదే మాటన్నడు అంది, అంతే. తినమని కోప్పడితే, నువ్వు తిను నేను తింట అంది. తింటే నాకు గుండె భయం, తినకపోతే ఆమె పస్తు. డాక్టరు గారి దగ్గరికి పోయి మొరపెట్టుకుంటే ఆయన గుట్ట మీద ఛాతీకి ఎక్స్‌రే తీయించి ఆమెకే చూపించమని చీటీ రాసిచ్చారు.

అమ్మ వస్తానంటుందని అనుకోలేదు. వచ్చింది. వికారాబాదు స్టేషనులో దిగుతూ నా మోచెయ్యి పట్టుకుంది, జట్కా గుట్టెక్కేదాకా వదల్లేదు. దవాఖానలో ఒక కుర్ర డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, ఛాతీ అద్దంలా ఉంది, ఇంకో రెండు కిలోలు తగ్గినా మంచిదేనని ఆమెతోనే చెప్పాడు. అమ్మ తలూపింది. గెలిచాననుకున్నాను. అత్తగారింటి గడప తొక్కకుండానే మొదటి రైలెక్కాం, పోతే పోలెలు తప్పవని.

ఇంటికొచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. అమ్మ కాళ్లు కడుక్కుని, సందుగ తెరిచి, అడుగు నుంచి పాతచీర మూట ఒకటి తీసింది. అందులో ఒక ఎక్స్‌రే ఫిల్ము. నేనెన్నడూ చూడనిది.

"మీ నాయినకు ఫోటో లేకపాయె గద. దవఖానోళ్లు ఆయన చెంబు, గొంగడి ఇచ్చిన్నాడు గిది గూడ ఇచ్చిండ్రు. గిదే దాసుకున్న" అంది.

ఇన్నేళ్లూ ఇంట్లో నాయన బొమ్మ లేదనుకున్నాను. ఆమెకుంది.

కిటికీ దగ్గర నిలబడి, ఒక చేత్తో అది, ఇంకో చేత్తో నాది ఎత్తిపట్టుకుంది. "సదువుకున్నోనివి. గిండ్ల నువ్వేది, ఆయనేది?"

పాతది పచ్చబడి ఉంది. అది నాయనదన్నాను.

"పచ్చగైంది జూసి గాదు. బొక్కలు జూసి జెప్పు."

దగ్గరికి పోయి చూశాను. అవే పక్కటెముకలు, అదే భుజాల వాలు, మెడ దగ్గర అదే వంపు. రోగం మచ్చ ఎక్కడుందో డాక్టరుకు కనిపిస్తుందేమో, నాకు కనిపించలేదు. ఎంతసేపు చూసినా చెప్పలేకపోయాను.

అమ్మ ఏడవలేదు. ఫిల్ములు దించి, "డాక్టర్లు అబద్ధమాడిండ్రంటలేను కొడుకా. సన్నవడ్డంక నువ్వు అచ్చం ఆయనే. సాయంత్రం యాలాల బాట కెల్లి నడిచొస్తుంటే, ఆయనే వొస్తున్నడనిపిస్తది. నాతోని గాదు" అంది.

పీట వాల్చుకుని కూర్చుని, రొట్టెలు వెయ్యమన్నాను. నా భార్య రెండున్నర పెట్టి నా మొహం చూసింది. ఇంకా వెయ్యమన్నాను. నాలుగు తిన్నాను, నెయ్యితో. ఆ రోజు బేస్తవారం. అయినా అమ్మ నా పక్కన కూర్చుని ఒక రొట్టె తుంచుకుంది, ఒక్కపొద్దు నాడు చీకటి పడే వేళ ఆమె తినడం అదే మొదలు.

ఉగాదికి మళ్లీ డెబ్బై ఎనిమిది. డాక్టరు గారు కేకలేశారు. సంగతి చెబితే, ఇంక కాంటా ఎక్కకు, నడుచుడు మాత్రం ఇడువకు అన్నారు. నడిచాను, కాకపోతే అమ్మకు కనిపించే బాట మార్చి, అవతల దిక్కు నుంచి ఇల్లు చేరేవాణ్ని.

అమ్మ ఇంకో పన్నెండేళ్లు బతికింది, కడియాలు మణికట్టు దగ్గరే నిలిచాయి. ఆమె పోయాక సందుగ నాకొచ్చింది. అడుగున పాతచీరలో రెండు ఫిల్ములూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మొన్న తీసి కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఇప్పుడు రెండూ పచ్చబడ్డాయి. ఏది నాయనదో, ఏది నాదో చెప్పలేను.