పన్నెండో జత

కొండదారుల్లో పరుగు, కమ్మని భోజనం కలిపి సెలవులు గడిపించే ఆ విడిదిలో వంటావిడకు అతిథులంటే ఒళ్ళుమంట. కంచానికి ఫోటో తీసి సగం వదిలేసి గుట్టలెక్కి పరుగెత్తేవాళ్ళకి ఆకలేం తెలుసని గొణుగుతుంది. సాయంత్రం మాత్రం గరిటె పట్టుకుని, గుమ్మంలో వాళ్ళు విప్పిన బురద బూట్లు లెక్కపెడుతుంది. పన్నెండు జతలూ చేరందే కూర మీద మూత లేవదు.

ఆ రోజు పొగమంచు. అందరి వెనకా రావలసిన గైడు వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. బూట్లు పదకొండు జతలే; అతిథుల్లో టీచరమ్మవి లేవు.

“టీచరమ్మ ఏదీ?”

“దారి గుర్తులున్నాయి, వచ్చేస్తుందిలే అక్కా. కడుపు కాలిపోతోంది, వడ్డించు.”

ఇంతలో ఒకాయన మూత మీద చెయ్యి వేశాడు. ఆయన వేళ్ళ మీద గరిటె టప్పున పడింది.

“రాక్షసి!” అన్నాడాయన.

“అవును, రాక్షసినే. ఒరేయ్ గైడూ, వెనకుండాల్సినవాడివి ముందొచ్చి కూచుంటావా? లే! ఆవిడ లేకుండా గుమ్మం తొక్కావంటే మంచినీళ్ళు కూడా పుట్టవు.” టార్చి వాడి చేతిలో కుక్కింది.

గంటకు పన్నెండో జత, గైడు భుజం పట్టుకుని, కుంటుతూ వచ్చింది. అప్పటికి కూర అడుగంటింది. ఆవిడ అందరికీ పైపైది వడ్డించి, మాడంతా గీకి గైడు కంచంలో వేసింది.