కడగకూడని గులాబీల అచ్చు

మా చిన్నతనంలో రైల్వే క్వార్టర్స్‌లో మా వరస మొత్తానికీ గులాబీ పువ్వుల అచ్చు ఒక్కటే... అది మా అమ్మది.

పొడుగాటి కాడ, దాని చివర ఇనుప పువ్వు. నూనెలో కాచి, పిండిలో పై అంచు మునగకుండా ముంచి, మళ్లీ నూనెలో పెడితే పువ్వు దానంతటదే అచ్చుని వదిలి పైకి తేలాలి. పండగలకీ పేరంటాలకీ ఆ అచ్చు ఇల్లిల్లూ తిరిగేది.

దానికో పద్ధతి ఉండేది. తీసుకెళ్లినవాళ్లు కడిగి ఇవ్వకూడదు. పాత గుడ్డతో తుడిచి, నూనె చెయ్యి రాసి, కాగితంలో చుట్టి, పళ్లెంలో నాలుగు పువ్వులతో తెచ్చివ్వాలి.

ఒకసారి ఆ వరసలోకి కొత్తగా వచ్చిన సుభద్ర పిన్ని పట్టుకెళ్లింది. మర్యాద తెలిసిన మనిషి... చింతపండూ బూడిదా పెట్టి తోమి మరీ తెచ్చింది.

"చూడండి వదినా, ఎలా మెరుస్తోందో!"

"మెరుస్తోంది తల్లీ... మెరుస్తోంది" అంది అమ్మ. ఏడవలేక నవ్వడం అంటే ఏమిటో ఆ రోజే చూశాను.

పిన్ని గడప దాటగానే అమ్మ తల పట్టుకుంది. "దీన్ని మళ్లీ దారికి తేవడానికి ఎంత పిండి తగలెయ్యాలో!"

తోమిన అచ్చు పువ్వుని వదలదు మరి. పుల్లతో గీకి తీసిన ముక్కలన్నీ పిల్లల వాటా. అందుకే మాకు మాత్రం సుభద్ర పిన్ని దేవత...

ఇన్నేళ్లకి ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా ఇంట్లోనూ ఒక సుభద్ర పిన్ని బయల్దేరారు. మా ఆయనే.

మా ఆయన ఉద్యోగం మారి, మనవాళ్లు బోలెడంతమంది ఉండే ప్లెయిన్స్‌బరో నుంచి విస్కాన్సిన్‌లో ఓ చిన్న ఊరికి వచ్చాం. ఎప్పుడో నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఊరు. ఏటా ఆకులు రాలే రోజుల్లో చర్చి హాల్లో వాళ్ల వంటలకీ, చేతిపనులకీ పండగ చేస్తారు. ఒక పక్క కర్ర చెక్కేవాళ్లు, చెక్క పళ్లేల మీద తీగలూ పువ్వులూ వేసేవాళ్లు. ఇంకో పక్క బంగాళాదుంప రొట్టెల్ని మన బొబ్బట్ల కంటే పల్చగా ఒత్తి, పొడుగు పుల్లతో తిరగేసేవాళ్లు.

కిందటేడు అక్కడ లొరేన్ అనే పెద్దావిడ మూకుడు ముందు నిలబడి అచ్చం మన గులాబీ పువ్వులే వేస్తోంది! వాళ్లు రోసెట్లు అంటారట. నా దగ్గరే ఉన్న మా అమ్మ అచ్చు గురించి చెబితే, "వచ్చే ఏడు అది పట్టుకుని వచ్చెయ్, నా పక్కనే వేద్దువుగాని" అంది.

ఏడాదంతా ఆ మాటే తల్చుకున్నాను. అమ్మ అచ్చుతో, ఈ ఊరివాళ్ల ముందు, అమ్మలా వెయ్యాలని... వరిపిండి, మైదా, పంచదార, నువ్వులు, అన్నీ ముందు రోజే కొలిచి డబ్బాలకెత్తి, పేర్లంటించి సిద్ధంగా పెట్టాను.

హాల్లో సంచీ తెరిస్తే అచ్చు బూడిద రంగులో, అక్కడక్కడా తుప్పు చుక్కలతో నా మొహం చూస్తోంది.

"ఏవండీ, దీన్నేం చేశారు?"

"డిష్‌వాషర్‌లో వేశాను. ఎంత జిడ్డుందో చూశావా? నలుగురికీ పెట్టేది కదా."

"అది జిడ్డు కాదండీ... మా అమ్మ ఏళ్ల తరబడి పట్టించిన నూనె!"

"మరి దానికీ ఓ లేబుల్ అంటించాల్సింది. ఉప్పు డబ్బా మీద కూడా ఉప్పు అని రాస్తావుగా!"

అవతల జనం లైన్లో నిలబడ్డారు. తుప్పు రుద్ది తీసి, నూనెలో కాచి మొదటి పువ్వు వేశాను. అతుక్కుపోయింది. పుల్లతో గీకాను. రెండోదీ అంతే. ముందున్నవాళ్లు మర్యాదగా నవ్వుతున్నారు... నాకు మాత్రం ఏడుపొస్తోంది.

లొరేన్ వంగి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "డిష్‌వాషరా?"

"మా ఆయన" అన్నాను.

"మా ఆయన బతికున్నప్పుడు వైర్ బ్రష్ పెట్టి రుద్దాడు" అని నిట్టూర్చి, కాగితంలో చుట్టిన రెండో అచ్చు తీసి నా చేతిలో పెట్టింది. బొగ్గులా నల్లగా ఉంది. "మా అమ్మది. ఒక్క మాట... కడగొద్దు."

నేను కదా, ఎవరికైనా ఆ మాట చెప్పాల్సింది!

దాంతో వేసిన మొదటి పువ్వే చులాగ్గా వదిలి తేలింది. అమ్మ అచ్చుని లొరేన్ తన మూకుడులో ఓ పక్క నూనెలో కాగనిచ్చింది. పండగ ముగిసే వేళకి దాంతో మళ్లీ ప్రయత్నించాను. వదల్లేదు... వదల్లేదు... చివరికి ఒకటి వదిలింది. ఒక రేకు విరిగి.

విరిగిన ముక్కలు కొనేవాళ్లు ఎవరుంటారు? మా ఆయన పళ్లెం పట్టుకుని నిలబడి అన్నీ తినేశారు. "రుచి మాత్రం బావుందోయ్" అని మెచ్చుకోలు కూడాను. తిట్టడానికి కూడా ఓపిక లేదు నాకు.

అక్కడితో అయిందా? సామాన్లు సర్దుతూ తల తిప్పేసరికి మా ఆయన లొరేన్ అచ్చు పట్టుకుని సింకు వైపు నడుస్తున్నారు! పరుగెత్తి లాక్కున్నాను.

గుడ్డతో తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి, పేపర్ ప్లేట్‌లో నాలుగు పువ్వులతో తిరిగిచ్చాను. "ఇవెందుకు?" అంది లొరేన్. "అచ్చు ఒట్టి చేతులతో తిరిగి రాకూడదు" అన్నాను. ఆవిడ ఆ పళ్లెం రెండు చేతులా అందుకుంది.

అమ్మ అచ్చు ఇంకా పూర్తిగా దారికి రాలేదు. వారానికోసారి పిండి తగలేస్తున్నాను. ఇప్పుడు దానికీ లేబుల్ ఉంది... "కడగొద్దు" అని, మా ఆయనకి కనబడేంత పెద్ద అక్షరాల్లో.

అప్పుడు వరసంతటికీ ఒక్క అచ్చు, ఇల్లిల్లూ తిరిగేది. ఇప్పుడు ఏది కావాలన్నా మర్నాటికి గుమ్మంలో ఉంటుంది... ఎవరి తలుపూ తట్టక్కర్లేదు. తట్టి చాలా కాలమైందని, లొరేన్ అచ్చు నా చేతిలో పెట్టిన రోజున తెలిసింది.

మీ వీధిలో ఇలా ఇల్లిల్లూ తిరిగిన వస్తువేది? దాన్ని తోమి తళతళలాడించి తెచ్చిచ్చిన మహానుభావులెవరు? కాస్త చెప్పండి... నా మనసైనా కుదుటపడుతుంది.